నాన్న గుండె మాత్రలో సగం

మంగళవారం రాత్రి, ఖుర్సీపార్

డాక్టరు చెప్పినదంతా నిన్ననే అమ్మకీ వదినకీ విడమరిచి చెప్పాను. వదిన కొడుకు బబ్లూకి పోయినసారి వచ్చింది ఎ రకం ఫ్లూ, ఒళ్లు కాలిపోయింది. ఇది బి రకం. ఇందులో కొందరు పిల్లలకి జ్వరం తగ్గేటప్పుడు పిక్కలు పట్టేసి నడవలేరు, కొన్నాళ్లకి అదే పోతుంది. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు, ఫ్లూలో పిల్లల మెదడుకీ కాలేయానికీ ప్రమాదం. ఇద్దరూ తలూపారు. "మా ఇంటి డాక్టరమ్మ" అని వదిన నా బుగ్గ గిల్లింది.

ఈరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి నాన్న గుండె మాత్రల పట్టీ బబ్లూ మంచం మీద ఉంది. అదీ ఆస్పిరినే.

"కాళ్లు నొప్పని ఏడిస్తే సగమే ఇచ్చినానే. అంత చిన్న మాత్రకి ఏటవుద్ది?" అంది అమ్మ.

"నీకు చెప్పొద్దని నేనే అన్నాను, అరుస్తావని" అంది వదిన.

డాక్టరుకి ఫోన్ చేశాను. వాంతులైనా, లేపితే సరిగ్గా పలక్కపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఇంట్లో ప్రతి కాగితం నాచేతే చదివిస్తారు. మరి నేను చెప్పింది మాత్రం పట్టించుకోరు.

ఇందాక అమ్మ గుమ్మంలో నిలబడింది. "చదువుకున్నావు కదే, ఆడికేటీ అవదని చెప్పు."

వెళ్లి బబ్లూని లేపాను.

"సోనే దో నా, అత్తా" అని, పడుకోనివ్వమంటూ హిందీలో విసుక్కున్నాడు. ఎంత హాయిగా వినిపించిందో.

అమ్మతో మాత్రం ఇంకా మాట్లాడలేదు.