రెండోసారి చూసే మనిషి

విశాఖపట్నం
జూలై 2006

మా చందు మావయ్యకి,

నువ్వు పారాదీప్‌లో హాయిగా ఉన్నావు. ఇక్కడ నేను హడలి చస్తున్నాను. ఫోన్ దగ్గర ఎప్పుడూ నాన్నే ఉంటాడు, అందుకే ఉత్తరం. నా తెలుగు చూసి నవ్వకు, స్కూల్లో నేర్పింది ఇంతే.

హార్బర్ దగ్గర నాన్న, కంప్యూటర్ కాగితాల మీద పెట్టుకునే డిజిటల్ సంతకాలు ఇప్పించే సెంటర్ పెట్టినప్పుడు, ఆ సంతకాలిచ్చే కంపెనీవాళ్ళు చెప్పింది గుర్తుందా? ఒకరు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితాలు చూడాలి. అది నాన్న. ఇంకొకరు ఆ మొదటివాళ్ళని నమ్మకుండా మళ్ళీ మొత్తం చూసి ఓకే చెయ్యాలి. అది నువ్వు. రెండు పనులూ ఒక్కరే చెయ్యకూడదు. పారాదీప్‌లో ఉద్యోగం దొరకగానే నువ్వేమో పాస్‌వర్డ్ నా చెవిలో ఊది రైలెక్కేశావు. అక్కణ్ణుంచే చూస్తానని నాన్నకి చెప్పావు. ప్రాజెక్ట్ వర్క్ అని చెప్పి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నీ పేరుతో ఓకే నొక్కేది నేనని ఆయనకి తెలీదు.

ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీ సూరన్న తాత అప్లికేషన్ వచ్చింది. తాతకి పక్షవాతం వచ్చి మంచం మీదున్నాడని ఆయన మనవరాలు ఈశ్వరి క్లాసులో నాకు చెప్పింది. నాన్న మాత్రం ‘స్వయంగా వచ్చారు’ దగ్గర టిక్ పెట్టేశాడు. కాగితాలు తెచ్చింది కొడుకు వరహాలు. ఆ సంతకం వరహాలు చేతికొస్తే తండ్రి పేరుతో ఫ్యాక్టరీని ఏ కాంట్రాక్టులోనైనా ఇరికించెయ్యొచ్చు. ఊరికే అడిగినట్టు నాన్నని అడిగాను.

“సూరన్న నాకు తెల్నోడేటి? ఆల్ల బోటు మీదే నాను పని నేర్సుకున్నాను. ఆ మనిషినట్టుకుని గుర్తింపు కార్డు సూపించమంటే నాకు పరువుంటాదా?” అన్నాడు.

హార్బర్లో అందరూ నాన్నకి తెలిసినవాళ్ళే. అదే తంటా. నేను రిజెక్ట్ నొక్కేస్తున్నాను. నాన్న నీకు ఫోన్ చేసి తిడతాడు. పడు.

గౌరి


చందు మావయ్యా,

తిట్లు బాగా పడ్డాయా? నిన్ను తిట్టి, క్షమాపణ చెప్పడానికి నాన్న సూరన్న తాత ఇంటికి వెళ్ళాడు. తాతకి మాట రాదు గానీ అన్నీ తెలుస్తున్నాయట. అప్లికేషన్ మాట ఎత్తగానే కొడుకు వంక ఒక్క చూపు చూసి, మొహం గోడవైపు తిప్పేసుకున్నాడట. వరహాలు మోసం తెలిసొచ్చి నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. ఇక ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తాడులే అనుకున్నాను.

ఎక్కడ? పొద్దున్నే అమ్మతో ఏమన్నాడో తెలుసా?

“నీ తమ్ముడు గట్టోడే. అక్కడెక్కడో కూకోని ఇక్కడ తప్పు పట్టీసినాడు. ఇంక నాను సూడక్కర్లేదు, ఆడే సూసుకుంటాడు.”

అప్పట్నుంచి కాగితాలు తెరవకుండానే పంపేస్తున్నాడు. ఇద్దరు చూడాల్సినవి నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఈశ్వరి నా పక్క బెంచీ కాబట్టి ఆ ఒక్కటీ దొరికింది. మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఎవరు మంచం మీదున్నారో నాకేం తెలుసు? నేను తప్పు చేస్తే పట్టుకునేదెవరు మావయ్యా?

అందుకని ఇవాళ కావాలనే తప్పు పాస్‌వర్డులు కొడుతూ కూర్చున్నాను. నీ అకౌంట్ లాక్ అయిపోయింది. తెరిపించాలంటే కంపెనీ ఆఫీసుకి నువ్వే రావాలట. ఈ ఉత్తరం అందిన వెనకే నాన్న ఫోన్ వస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోయానంటావో, నిజం చెప్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఇంక చందు మావయ్యని కాను.

నీ మేనకోడలు
గౌరి