ఎనిమిది గోళీలు

తమ్ముడు సూరిబాబుకి,

అక్క సత్యవతి దీవించి రాస్తున్నది. నేను బాగున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. నువ్వు, మరదలు, పిన్ని, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మరదలికి బీపీ మాత్రలు అయిపోయాయని మొన్న ఫోన్లో అంది. కొన్నావా, రేపు రేపంటూ తిరుగుతున్నావా? వరద నీళ్ళు దరియాలతిప్ప దాకా వచ్చాయని విన్నాను. షాపులో వలలు తడవకుండా పైకి ఎత్తించే ఉంటావు. ఇక్కడ జర్మనీలో అసలు చలి ఇంకా మొదలవలేదంటున్నారు గానీ, నాకు అప్పుడే పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా బాగానే ఉన్నాను.

ఫోన్లు ఉండగా ఉత్తరం ఏమిటా అనుకుంటున్నావు కదా. నీ ఫోను ఎప్పుడూ కిరణ్ చేతిలోనే ఉంటుంది. నువ్వు మాట్లాడినా స్పీకరు పెట్టి వీధంతా వినేలా మాట్లాడతావు. అందుకే కాగితం మీద రాసి షాపు అడ్రసుకి పంపుతున్నాను. దీన్ని ఇంటికి పట్టుకెళ్ళకు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని నింపాదిగా చదువుకో.

ముందే చెప్పేస్తున్నాను. మన కిరణ్‌కి ఇక్కడ గది దొరకలేదు. ఇక దొరకదు కూడా. యూనివర్సిటీలో సీటు వచ్చిందని ఉన్న ఉద్యోగం మానేసి కూర్చున్నవాడికి ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. బయట అద్దెలకి మనం తూగలేం. యూనివర్సిటీ హాస్టల్‌కి పేరు రాయించాను, వాళ్ళు వచ్చే ఏడాది అడగమన్నారు. నేనుండేది వంటింటి పైన ఒక మంచం పట్టే గది, అందులో ఇంకొకరిని పెట్టుకోకూడదు. మీ బావ తాతగారి వల్ల వచ్చిన ఫ్రెంచి పౌరసత్వం కాగితం నన్నయితే పారిస్ నుంచి ఇక్కడి దాకా తెచ్చింది గానీ, మేనల్లుడికి ఎందుకూ పనికిరాదు. వాడి ఆశంతా నేను వంటపని చేసే ఈ కొండమీది ఇంటి మీదే ఉంది, ఆశ పెట్టింది నేనే.

మొదటిసారి ఈ ఇంటి సంగతి చెప్పినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? "అది ఏ కులపోళ్ళ హాస్టలక్కా?" అన్నావు. నేను పకపకా నవ్వాను. తెల్లవాళ్ళకి కులాలేమిట్రా పిచ్చోడా అన్నాను. అలా నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, నువ్వే అడిగావు.

ఇది కులం హాస్టలే తమ్ముడూ. పూర్వం చదువుకుని వెళ్ళినవాళ్ళు తలా కొంత వేసుకుని కట్టిన ఇల్లు. ఇప్పుడు చదువుకునే కుర్రాళ్ళు ఉంటారు, రేపు వీళ్ళు తర్వాతవాళ్ళని చూడాలి. ఒకసారి చేరితే చచ్చేదాకా సభ్యుడే. ఉద్యోగాలకి మాటసాయం, పెళ్ళిళ్ళకి అందరూ కదిలి వెళ్ళడం, ఒకరు పోతే టోపీలు పెట్టుకుని శవం దగ్గర నిలబడడం, అన్నీ ఉన్నాయి. పుట్టుక బట్టి కాదు గానీ, ఎవరు చేరాలో వాళ్ళే ఎంచుకుంటారు. తేడా అంటే, వీళ్ళు గుండెల మీద అడ్డంగా మూడు రంగుల పట్టీ వేసుకుంటారు. సంఘం పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

గది సంగతి వినగానే "మావాడు నక్క తోక తొక్కాడు" అన్నావు నువ్వు. ఇక్కడ కొత్తగా చేరినవాడిని నిజంగానే నక్క అంటారు. ఆ నక్కలకి పెద్దగా ఉండేవాడు పండగ రోజుల్లో టోపీకి నక్క తోక తగిలించుకుంటాడు. దాని దుమ్ము దులిపేది నేనే. కత్తులతో ఒకరినొకరు కొట్టుకోవడం కూడా వీళ్ళ ఆచారం. కళ్ళకి ఇనప జాలీ కళ్ళజోళ్ళు పెట్టుకుంటారు, చెంపలు మాత్రం వదిలేస్తారు. చెంప తెగితే గొప్ప. యానాంలో అయితే పోలీసులు వచ్చి ఇద్దర్నీ లోపల వేస్తారు. ఈ సంగతి చెబితే కిరణ్ భయపడతాడనుకున్నాను. "కత్తేం లెక్కత్తా, కుట్లేసుకుంటే పోద్ది" అని మెసేజ్ పెట్టాడు.

ఆ సంఘం ఎప్పటిది, మంచివాళ్ళేనా, వివరంగా కనుక్కో అన్నావు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. నాకు చెప్పింది హెల్ముట్ గారని ఒక పెద్దాయన. ఎనభై ఎనిమిదేళ్ళుంటాయి. ఈ ఇంట్లోనే చదువుకుని డాక్టరు అయ్యాడు. పాత సభ్యుల తరఫున ఇప్పుడు ఆయనే పెద్ద దిక్కు. ప్రతి గురువారం మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. కుర్రాళ్ళ బల్ల దగ్గర కూర్చోడు, నా వంటింట్లోనే తింటాడు. ఆయనకి ఫ్రెంచి వచ్చు, నాకు జర్మను ఇంకా సగమే కాబట్టి ఇద్దరం ఫ్రెంచిలో మాట్లాడుకుంటాం. ఈ రెండేళ్ళలో నాతో మనిషిలా కూర్చుని మాట్లాడింది ఆయనొక్కడే.

మొదట్లో ఈ సంఘం మంచి ఉద్దేశంతోనే పుట్టిందట. అప్పుడు ఈ దేశం ముక్కలు ముక్కలుగా, రాజుకొక ముక్కగా ఉండేది. అంతా ఒకటే దేశం కావాలని, నోరు విప్పి మాట్లాడనివ్వాలని అడిగినందుకు కుర్రాళ్ళని జైల్లో పెట్టేవారట. వాళ్ళు చాటుగా కలుసుకుని పాటలు పాడుకుని, బీరు తాగి, ప్రమాణాలు చేసుకుని మొదలుపెట్టినది ఇది. తర్వాత దేశం ఒకటైంది, వీళ్ళు గొప్పవాళ్ళయ్యారు, కొండ మీద ఇల్లు కట్టారు. మొదటి యుద్ధంలో సగం మంది పోయారు. హాల్లో గోడకి పెద్ద చెక్క పలక ఉంది, సభ్యుల పేర్లన్నీ దాని మీద చెక్కి ఉంటాయి. పోయినవాళ్ళ పక్కన చిన్న శిలువ గుర్తు ఉంటుంది.

ఆ పలకలో తొమ్మిది చోట్ల చెక్క గీకేసి ఉంటుంది. గుడ్డ పెట్టి తుడిస్తే వేలికి గుంటలా తగులుతుంది. పురుగు కొట్టిందేమో అనుకున్నాను చాలా రోజులు. ఒక గురువారం ఆయన్ని అడిగితే తింటున్న చెంచా కింద పెట్టేశాడు. అవి యూదుల పేర్లట. హిట్లరు రోజుల్లో, వీళ్ళతో కలిసి తిని, తాగి, కత్తులు తిప్పినవాళ్ళనే మీరు మాలో లేరని పేర్లు గీకేశారు. అంత చేసినా ప్రభుత్వం వీళ్ళ సంఘాన్ని కూడా మూసేసింది. యుద్ధం అయ్యాక మళ్ళీ తెరిచారు గానీ ఆ తొమ్మిది పేర్లు మాత్రం మళ్ళీ చెక్కలేదు.

ఆ తొమ్మిది మందిలో ఒకాయన బతికి బయటపడి, చాలా ఏళ్ళ తర్వాత పరాయి దేశం నుంచి వెతుక్కుంటూ వచ్చాడట. అప్పుడు హెల్ముట్ గారు ఇక్కడ కొత్త నక్క. వచ్చినాయన నష్టపరిహారం అడగలేదు, క్షమాపణ అడగలేదు. నా పేరు మళ్ళీ చెక్కండి, ఒక్క పూట మీ బల్ల దగ్గర కూర్చోనివ్వండి అన్నాడట. ఇలాంటి విషయాలకి ఇక్కడ గోళీలు వేస్తారు. ఒక్కొక్కరికి ఒక తెల్లది, ఒక నల్లది ఇస్తారు. గుడ్డ కప్పిన పెట్టెలో చెయ్యి పెట్టి ఒకటి వదలాలి. అన్నీ తెల్లవైతేనే సరే అన్నట్టు. ఒక్క నల్లది పడినా కాదన్నట్టే. ఆ రోజు ఒకే ఒక్క నల్లది పడింది. వచ్చినాయన ఇదిగో ఈ వంటింట్లోనే కాఫీ తాగి వెళ్ళిపోయాడట.

"అది నేనే వేశాను ఫ్రావ్ సత్యా," అన్నాడు పెద్దాయన. ఫ్రావ్ అంటే మన గారు లాంటిది. "అందరూ నల్లదే వేస్తారనుకున్నాను. నేనొక్కడినే వేరుగా కనబడతానని భయపడ్డాను."

ఆ మాట ఇంతవరకు భార్యకి కూడా చెప్పలేదట. ముసలాయన నా ముందు వలవలా ఏడ్చాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. కాకినాడలో ఇంటిపేరు మార్చి చెప్పి ఇంకో కులంవాళ్ళ హాస్టల్లో చేరావు. ఇరవై రోజులకి పంక్తిలో అన్నం ముందు కూర్చుని ఉండగా లేపేసి, నీ ట్రంకుపెట్టె గేటు బయట పెట్టారు. ఇంటికొచ్చి చదువు ఇష్టం లేదన్నావు, నాన్న కొట్టినా నిజం చెప్పలేదు. పెద్దాయనకి ఈ సంగతి చెప్పాను. మా తమ్ముడి కొడుక్కి ఇక్కడ చోటు ఇప్పించండి అని అడిగాను. జీవితంలో నేను ఎవరినీ అలా బతిమాలలేదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, ఈసారి నా చెయ్యి తప్పు చెయ్యదు అన్నాడు.

కుర్రాళ్ళకి కూడా కొత్తవాళ్ళు కావాలి. ఒకప్పుడు నలభై మంది ఉన్న ఇంట్లో ఇప్పుడు ఏడుగురే ఉన్నారు. మేడ మీద పదకొండు గదులు తాళాలు వేసి ఉన్నాయి, వారానికోసారి నేను కిటికీలు తెరిచి మూస్తుంటాను. వాళ్ళ నాయకుడు లుకాస్ మంచి పిల్లాడు. కిరణ్ ఫోటో, వాడు తంటాలు పడి జర్మనులో రాసుకున్న ఉత్తరం అందరికీ చదివి వినిపించాడు. బయటి దేశంవాడిని ఈ ఇంట్లో ఇంతవరకు ఎప్పుడూ చేర్చుకోలేదని ఒకడన్నాడు. అయితే ఇప్పుడు చేర్చుకుందాం అని మిగతావాళ్ళు అన్నారు. ఆ సాయంత్రమే నేను నీకు ఫోన్ చేసి దాదాపు ఖాయం అని చెప్పాను. నా నోరు కాలిపోను, అప్పుడే చెప్పకుండా ఉండాల్సింది.

పోయిన శనివారం మధ్యాహ్నం గోళీలు వేశారు. పెట్టె తుడిచి బల్ల మీద పెట్టింది నేనే, పదహారు గోళీలు లెక్కపెట్టి ఇచ్చింది నేనే. ఏడుగురు కుర్రాళ్ళు, పెద్దాయన, మొత్తం ఎనిమిది మంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, పొమ్మని ఎవరూ అనలేదు. లుకాస్ పెట్టె అడుగు సొరుగు లాగాడు. ఏడు తెల్లవి, ఒకటి నల్లది. వాడి మొహం పాలిపోయింది. ఈ రూలు మార్చలేమా అని ఎవరో అడిగితే, మార్చాలన్నా అందరూ తెల్లదే వేయాలని చెప్పాడు. పుస్తకంలో రాసుకుని లేచిపోయారు. చేతిలో మిగిలిన గోళీని ఎవరిది వాళ్ళు పక్కనున్న బుట్టలో వేసి వెళ్ళాలి. లెక్కపెడితే ఒకటి తక్కువైంది. బల్లకింద, కుర్చీల కింద చీపురు పెట్టి వెతికాను, కనబడలేదు.

ఆదివారం నుంచి కుర్రాళ్ళు ఒక్కొక్కడే వంటింట్లోకి రావడం మొదలుపెట్టారు. ముందు లుకాస్ వచ్చాడు. తర్వాత మిగతావాళ్ళు, మంగళవారానికి ఏడుగురూ అయిపోయారు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. నల్లది వేసింది నేను కాదు అని ఎవడికి వాడే చెప్పాడు. ఒకడు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏడుగురికీ కాఫీ ఇచ్చాను. ఏడుగురినీ అనుమానించాను. పెద్దాయన మీదికి నా మనసు పోలేదు తమ్ముడూ, ఒట్టు.

నిన్న గురువారం. పెద్దాయన వచ్చాడు, కోటు విప్పలేదు. వడ్డిస్తానంటే వద్దన్నాడు. జేబులోంచి చెయ్యి తీసి, ఆ తప్పిపోయిన గోళీని నా బల్ల మీద పెట్టాడు. తెల్లది.

"ఇదే వేద్దామనుకున్నాను ఫ్రావ్ సత్యా. చివరిదాకా ఇదే పట్టుకున్నాను."

దేనికి భయపడ్డారు, ఈసారి ఎవరున్నారు మీకు భయపడడానికి అని అడిగాను. తెలియదు అన్నాడు. నిజంగానే తెలియదు ఆయనకి, మొహం చూస్తే తెలుస్తోంది. తిట్టాలనుకున్నాను. యానాంలో అయితే నా నోటికి ఆగేవాడు లేడు. కానీ ఫ్రెంచిలో నాకు తిట్లు రావు. గోళీని పెట్టెలో వేసి, ఆయన మెడ చుట్టూ గుడ్డ సరిచేసి, మెట్ల దాకా దింపి వచ్చాను. వచ్చే గురువారం మళ్ళీ వస్తాడు. మళ్ళీ వడ్డిస్తాను. ఈ పని మానేస్తే నేను ఎక్కడికి వెళ్తాను?

రూలు వల్ల అనుకుంటే కొంత ఊరట. కత్తి పట్టుకున్నవాడో, మనమంటే గిట్టనివాడో అడ్డుపడ్డాడంటే వాడిని తిట్టుకుని బతకొచ్చు. ఏడ్చి, చేతులు పట్టుకుని, మాట ఇచ్చినవాడే ఇలా చేస్తే ఇంక ఎవరిని అడగాలి? రాత్రీ పగలూ ఇదే ఆలోచిస్తున్నాను. నాకు ఏ దారీ కనబడడం లేదు. ఉందని నీకు అబద్ధం చెప్పను.

మరదలికి మాత్రలు మర్చిపోకు. పిన్నికి నా నమస్కారాలు చెప్పి, నన్ను దీవించమను, ఆవిడ దీవెనలు నాకిప్పుడు అవసరం. కనకాలపేటలో మీ బావ తరఫువాళ్ళు కనబడితే అడిగానని చెప్పు. కీళ్ళనొప్పుల తైలం ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసా పంపు, లేకపోయినా పర్వాలేదు. కిరణ్ నిన్న కూడా మెసేజ్ పెట్టాడు, "అత్తా, నా గదికి కిటికీ ఎటు ఉంటది?" అని. చదివానని వాడికి తెలిసిపోయి ఉంటుంది. నేను జవాబు ఇవ్వలేదు, ఇవ్వలేను. నువ్వే చెప్పాలి, ఎలా చెబుతావో నీ ఇష్టం. నాకు జవాబు రాసేటప్పుడు మాత్రం, విని వాడేమన్నాడో రాయొద్దు.

ఇట్లు,
నిన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన అక్క,
సత్యవతి