ఆవిడ పెట్టిన స్విచ్

నాన్నా, ఒంట్లో బాగానే ఉంది, కానీ తలెత్తుకోలేని పని చేశాను.

పోయిన వారం ఒక పెద్దాయన మా రిపేరు షాపుకు ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చి, ఊడిన వైరు అతికించమని ఇచ్చి వెళ్లారు. మూత తీస్తే, శబ్దపు తీరు మార్చే టోన్ నాబ్ ఉండాల్సిన చోట ఐదు గాట్ల స్విచ్, గాటుకొక పాత రేడియో కెపాసిటర్ ఉన్నాయి. "ఎవరిదీ తలతిక్క పని?" అని అందరిముందూ నవ్వి, ఆయన్ని అడక్కుండానే పీకేసి మామూలు నాబ్ బిగించాను.

ఆయన వచ్చి నాబ్ తిప్పబోతే చెయ్యి వణికి, శబ్దం ఎక్కడా నిలవలేదు. "స్విచ్ ఏదమ్మా?" అన్నారు. కాలిపోయిందని అబద్ధమాడాను.

"పోనీలే తల్లీ. నా చెయ్యి వణుకుతోందని మా ఆవిడ తనే కూర్చుని అతికించింది. మనిషే పోయింది, స్విచ్ ఎన్నాళ్లుంటుంది" అని వెళ్లిపోయారు.

రెండు రోజులు అన్నం సయించలేదు. నిన్న వాళ్లింటికి వెళ్లి నిజం చెప్పేశాను. ఆయన లోపలికెళ్లి గిటార్ తెచ్చి నా ముందు పెట్టారు. తర్వాత, "ఆ ఐదు శబ్దాలూ నాకు గుర్తే. సామాను తే, ఏ గాటుకు ఏదో విని చెబుతాను" అన్నారు.

స్విచ్ దొరికింది, కెపాసిటర్లు చెత్తబండిలో పోయాయి. మీ రేడియో రిపేరు డబ్బాలో ఉన్న పాతవి రకానికొకటి వెంటనే పంపండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడి కళ్లజోడు మార్పించారా? ఇద్దరినీ నేను అడిగానని చెప్పండి, ఈ సంగతి మాత్రం చెప్పకండి.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు నాన్నా. మీరైనా నాలుగు చీవాట్లు రాయండి.

మీ పెద్దమ్మాయి