బ్యాంకుకొచ్చిన చావురొట్టె

రై క్రీక్ పొలాల నుంచి, కాన్సస్
అక్టోబరు, 1931

చిరంజీవి అమోస్ లాండిస్‌కి, సలోమా పెద్దమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేనూ, నా కోళ్ళూ కులాసా. పక్క ఊరి బ్యాంకు మూసేశారటగా! విన్నప్పట్నించీ నాకు ముద్ద దిగడంలేదు. మీ పెదనాన్న పోయాక వచ్చిన బీమా డబ్బంతా నీ బ్యాంకులోనే ఉంది. అది పోయిందంటే నన్ను కౌంటీ వాళ్ళ అనాథల ఇంట్లో పడేస్తారు. అక్కడ జావలో ఉప్పు కూడా వెయ్యరట. ఫోన్ చేద్దామంటే మా చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే లైను, అందరూ చెవులొగ్గి వింటారు, అందుకే ఈ ఉత్తరం. నిజం చెప్పు నాయనా, నీ బ్యాంకు బావుందా?

నీ మేలు కోరే,
సలోమా పెద్దమ్మ

తా.క.: చర్చిలో చూశాను, చిక్కి సగమయ్యావు. టపాబండి ఈలై చేత రొట్టె పంపుతున్నాను. యాపిల్స్ అయిపోయాయి, ఎండుద్రాక్షలు కూరి కాల్చాను.

*

సలోమా పెద్దమ్మకి అమోస్ నమస్కారాలు.

ఎంత పని చేశావు పెద్దమ్మా! మనవాళ్ళు ఎండుద్రాక్ష రొట్టె ఎవరికి పంపుతారు? చావింటికి కదా! ఈలై మూతైనా పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని దారంతా చూపించుకుంటూ వచ్చాడు. "లాండిస్ ఇంట్లో అందరూ ఉన్నారే, మరి పోయిందేమిటి?" "ఇంకేముంది, బ్యాంకే!" అనుకున్నారు జనం. తెల్లారేసరికి డబ్బు తీసేసుకుందామని బ్యాంకు గుమ్మం ముందు బారు.

బ్యాంకు బాగానే ఉంది. కానీ డబ్బంతా అప్పులుగా గోధుమ రైతుల దగ్గరుంది, అందరూ ఒకేసారి అడిగితే ఎక్కణ్ణించి తేను? మన రాష్ట్రంలో ఏ ఊరి బ్యాంకు ఆ ఊరిదే, ఆదుకునే పెద్ద బ్యాంకు వెనకాల లేదు. జనం దాచుకున్న డబ్బుకి సర్కారు పెట్టిన పూచీనిధి ఎప్పుడో దివాలా తీసింది. గుమాస్తా చేత కావాలనే చిల్లర నాణేలు మెల్లగా లెక్కపెట్టిస్తున్నాను. ఎన్నాళ్ళు ఆగుతారు? ఎవరూ పోలేదని నలుగురికీ చెప్పు, నీకు పుణ్యముంటుంది.

నీ అమోస్

తా.క.: రొట్టె బావుంది. ఏడుస్తూ తిన్నాను. కిటికీలోంచి జనం చూశారు.

*

నాయనా అమోస్,

నీ ఉత్తరం అందింది. ఎవరూ పోలేదంటే ఎవరు నమ్ముతారు? రొట్టె కళ్ళారా చూశారుగా! రొట్టె వెళ్ళిందంటే ఎవరో ఒకరు పోవాల్సిందే. అందుకని ఫోనెత్తి, మా చెల్లెలితో మాట్లాడుతున్నట్టే, "పాపం, టొపీకాలో అమోస్ అత్తగారు పోయిందటే" అన్నాను. ఆవిడ్ని ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు కదా, ఆవిడకొచ్చిన నష్టమేముంది? గుమ్మానికి నల్లగుడ్డ కట్టు.

సలోమా పెద్దమ్మ

తా.క.: ఆవిడ పేరేమిటి? ప్రార్థనలో చెప్పాలట.

*

పెద్దమ్మా,

బారు మాయమైంది. దుఃఖంలో ఉన్నవాణ్ణి డబ్బడగడం మన ఊళ్ళో లేదు. టోపీలు తీసి, రొట్టెలిచ్చి పోతున్నారు. ఇనప్పెట్టె గదిలో ఇప్పుడు డబ్బుకన్నా రొట్టెలే ఎక్కువ. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది.

అంతటితో అయిపోలేదు. తంతి వచ్చింది: "శనివారం రైలు." అంతే, పేరు కూడా లేదు. మాటకింతని డబ్బు తీసుకుంటారని మా అత్తగారి తంతులన్నీ అలాగే ఉంటాయి. తంతి మాస్టారు మాత్రం శవం వస్తోందని ఊరంతా చాటాడు. శనివారం అందరూ స్టేషనుకి వస్తామంటున్నారు! ఆవిడ నడుచుకుంటూ దిగిందంటే నేను అబద్ధాలకోరునని తేలిపోతుంది. అబద్ధాలకోరు బ్యాంకులో ఎవరు డబ్బుంచుతారు? ఈసారి బారు కట్టారంటే నీ డబ్బూ, నా ఇల్లూ గోవిందా. నాకు నిద్ర లేదు. ఏదో ఒకటి చెప్పు.

అమోస్

తా.క.: పేరు హుల్డా. ఇప్పుడు చెప్పి ఏం లాభం!

*

అమోస్,

నాకు చలిజ్వరం వచ్చేసింది. మన ఊరికి ముందొచ్చే స్టేషనుకి వెళ్ళి ఆవిడ్ని అక్కడే దింపెయ్. వినకపోతే, వచ్చింది కవల అక్కగారని చెప్పు.

సలోమా పెద్దమ్మ

తా.క.: అదీ కుదరదనుకుంటే నా డబ్బొక్కటీ శుక్రవారమే ఈలై చేత పంపెయ్. తప్పుగా అనుకోకు నాయనా.

*

సలోమా పెద్దమ్మకి,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. అప్పటికే అంతా అయిపోయింది.

అత్తగారు రైలు దిగింది. అందరూ టోపీలు తీశారు. "ఎవరు పోయారేంటి?" అంది. "హుల్డా గారండీ" అన్నారు పాస్టరుగారు. "హుల్డాని నేనేగా!" అంది.

నా ప్రాణం అక్కడే పోయింది. ఏడుస్తూ అందరి ముందూ రొట్టె సంగతీ, అబద్ధం సంగతీ కక్కేశాను. "పదండి బ్యాంకుకి!" అని ఎవరో అరిచారు. "పదండి, నేనూ అక్కడికే" అంది ఆవిడ.

టొపీకాలో తన బ్యాంకు మీద నమ్మకం పోయి, ఉన్నదంతా తీసి లోపావడాకి కుట్టుకొచ్చిందట! కత్తెర అడిగి, మూలకి తిరిగి కుట్లు విప్పి, నోట్లన్నీ బల్ల మీద పెట్టింది. "చూశారుగా మా అల్లుణ్ణి! ఒక్క అబద్ధం ఆడి వారమైనా దాచుకోలేకపోయాడు. ఇతనికి దొంగతనం చేసే గుండె ఎక్కడుంది? ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ దాచుకోను?" అంది. జనానికి నిజమే అనిపించినట్టుంది. మళ్ళీ బారు కట్టారు, ఈసారి తీసుకెళ్ళింది తిరిగి వెయ్యడానికి. నీ డబ్బు పదిలం.

నీ అమోస్

తా.క.: అత్తగారు ఇక మా దగ్గరే ఉంటారట. తను పోయిందన్న మాట ఎవరు పుట్టించారని అడిగారు. నాకు దాచే గుండె లేదని తెలుసుగా. ఈ ఉత్తరం తెచ్చిన ఈలై బండిలోనే ఆవిడా ఉన్నారు. ఒళ్ళో ఎండుద్రాక్ష రొట్టె ఉంటుంది, స్వయంగా కాల్చారు. మూత పెట్టలేదు.