వానలో రాణి వేషం

అనంతపురం

నాయనకు, పరీక్షలు బాగా రాశాను, దిగులు పడొద్దు. ఫోన్లో చెబితే నువ్వొక్కడివే వింటావు. కార్డయితే రచ్చకట్ట మీద అందరికీ చదివి వినిపిస్తావు, అందుకే రాస్తున్నా.

పరీక్షలయ్యాక రోజూ లైబ్రరీలో నాటకాల పుస్తకాలే చదువుతున్నాను. మొన్న కాలేజీ మైదానంలో ఒక నాటకం వేశాం. నాది రాణి వేషం, ఊళ్లో వాన కోసం ఆడే ఆటలో ఏటా నువ్వు మీసం తీసేసి కడతావే, అట్లాంటిదే. సగంలో వాన దిగింది. జనం వరండాలోకి పరిగెత్తారు. స్నేహితురాలు అంజలి "దిగిరా మారెక్కా, తడిసిపోతాండావు!" అని అరిచింది. నాకు నీ మాటే గుర్తొచ్చింది: "వాన కోసరం ఆడి, అది వచ్చినంక మనమే పారిపోతే మళ్లా వస్తాదా?" ముఖాన రంగు కారుతున్నా ఆఖరి మాట దాకా చెప్పాను. జనం తిరిగొచ్చి తడుస్తూనే చూశారు. "ఎవరు నేర్పినారమ్మా?" అన్నారు సారు. "మా నాయన" అన్నాను.

ఆడ చినుకైనా రాలిందా? శెనక్కాయ విత్తినారా? అమ్మ మోకాలి నొప్పి ఎట్లుండాది? అవ్వకు నా దండాలు చెప్పు.

వాన రాకుంటే ఊళ్లో మళ్లీ ఆట పెడతారు కదా. ఈసారి నువ్వు మీసం తీయొద్దు. రాణి వేషం నాది.

నీ కూతురు,
మారెక్క