శనివారం లెక్కల పరీక్ష

నాచారం,
డిసెంబర్ 2007.

చెల్లె కావ్యకు పెద్దక్క దీవెనలు.

స్వామి దయతోని ఇక్కడ నేను, మీ బావ మంచిగున్నం. పుణెల నువ్వు వేళకు తింటున్నవని నమ్మకం లేదు గానీ, నీ పేరు చెప్పి రోజూ దండం పెట్టుకుంటున్న.

ముందు సంతోషం రాస్త, చెయ్యి ఆగుతలేదు. నేను ఓపెన్ స్కూల్ల పది పాసైన కావ్యా! యాభై మూడేండ్లకు! నిన్న ఉప్పల్ల ఇంటర్నెట్ సెంటరామె నా నంబరు కొట్టి, "పాస్ ఆంటీ" అన్నది. మళ్ల చూడమన్న. చూసింది. మూడోసారి అడగబోతె మీ బావ, "మాటిమాటికి చూస్తె మార్కులు పెరుగుతయా, నడువు" అని చెయ్యి పట్టి గుంజుకొచ్చిండు. ఆటో దిగెదాక నవ్వుతనే ఉన్న. మా మందు గోలీల కంపెనీల ప్యాకింగ్ లైనుకు నన్నే ఇన్‌చార్జిని చేస్తరట. పదహారేండ్లు నిలబడ్డ చోట ఇగ కుర్సీ ఏస్తరు!

నువ్వడిగినవి చెప్త. నా మోకాలు నయం. బావకు షుగరు జర తగ్గింది. నువ్వు పంపిన స్వెట్టర్ ఆయన ఇడుస్తలేడు, ఎండల గూడ.

ఇగ నీ ఉత్తరంల ఆఖరి మాట. "దవాఖానల డ్యూటీ, దాని మీద ఎమ్మెస్సీ చదువు. నాలుగు గంటలే పండుకుంటున్న. మొన్న వార్డుల కండ్లు తిరిగి కూలబడ్డ. ఏం ఫికర్ లేదక్కా, ఈ వయసుల నువ్వు చేస్తలేవా" అని రాసినవు. ఆ మాట రెండుసార్లు చదివిన. ఫోన్ల చెప్తె సగంలనే కోప్పడతవని రాస్తున్న.

నేను చేయలేకపోయిన కావ్యా. ఎండకాలంల రాసిన పరీక్షల లెక్కలు పోయినయి. నీకు మాత్రం "ఇంకా ఫలితాలు రాలే" అని అబద్ధం చెప్పిన.

అప్పుడు నాలుగింటికే లేచి పూజ, వంట, ఎనిమిది గంటల షిఫ్టు, పొద్దూకినంక చదువు. పైగా సోమ, గురు, శనివారాలు ఒక్కపొద్దు. పాసయ్యెదాక ఒక్కటి విడువనని మొక్కుకున్న. లెక్కల పరీక్ష శనివారమే పడ్డది. దేవుడే పక్కన కూసుంటడనుకొని మంచినీళ్లతోనే పోయిన. రెండో లెక్క కాడ కన్నంటుకున్నది. మేడమ్ వచ్చి, "ఈ నిద్ర ఇంటికాడ పోకపోయినవా అమ్మా" అని లేపేసరికి కాయితాలు తీసుకుంటున్నరు.

ఇంటికొస్తె మీ బావ నా మొఖం చూసి, "ఏందే, లెక్కలన్ని చెంప మీదనే చేసినవా?" అన్నడు. అద్దంల చూస్తె సిరా అంకెలు తిరగబడి అచ్చు పడ్డయి. ఆయన నవ్విండు, నేను ఏడ్చిన. అప్పుడు పక్కన కూసొని, "దేవుడేమన్న నీ హాజరు రాసుకుంటుండా? అలసిన మనిషి పండుకుంటె ఆయనకేం కోపం?" అన్నడు.

వారం దినాలు ఆ మాటే తిరిగింది. స్వామి ముందర చెంపలేసుకొని చెప్పిన: తండ్రీ, శనివారం ఒక్కటి ఉంచుకుంట, పరీక్షలున్నప్పుడు అది గూడ నాతోని కాదు. ఇప్పుడు ఐదున్నరకు లేస్తున్న. ఆదివారం మధ్యాహ్నం తలుపు పెట్టుకొని పండుకుంటున్న. మొదట్ల తప్పు చేస్తున్నట్టే గుబులైంది. మళ్ల కట్టిన లెక్కల పరీక్షకు ఈసారి పెరుగన్నం తిని పోయి అన్ని లెక్కలు చేసిన. ఒకటి చెప్త, నవ్వకు. ఇప్పుడు స్తోత్రం చదివేటప్పుడు ఆవులింత వస్తలేదు.

చిన్నప్పటి సంది నన్ను చూసే నేర్చుకున్నవు. నేను పడిపోయింది దాచి, నిలబడ్డది ఒక్కటే నీకు చూపించిన. అది నా తప్పు. రేపే మీ వార్డు పెద్ద సిస్టర్‌ను అడిగి రెండు దినాలు సెలవు పెట్టు. రోగులు నిన్ను నమ్ముకొని ఉన్నరు, కండ్లు తిరిగే నర్సును కాదు.

ఈ ఉత్తరం చేతికి రాంగనే జవాబు రాయకు. ముందు పండుకో.

ఇట్లు,
నువ్వు నిద్ర లేచెదాక ఎదురుచూసే
నీ పెద్దక్క
సూర్యకళ