చీటీలు ఊడిన కుండీలు

రేపల్లె, 12 ఆగస్టు 1994

ప్రియమైన రమణీ,

బడిలో పంతులమ్మగా చేరి నెలైందో లేదో, మన బాపట్ల ల్యాబ్ మీద బెంగ పట్టుకుంది. నా ఫెయిర్ రికార్డు నీకు పంపుతున్నా. మనకి వరి విత్తనాలిచ్చిన పెనుమూడి యలమంద బాబాయికి మన పని ఇలా చెప్పాను: "జన్యువులో ఒక అక్షరం ఉంటే, మొక్క రాసుకునే ఆర్ఎన్ఏ నకలులో ఇంకో అక్షరం వస్తోంది. ఏదో ప్రొటీన్ దిద్దుతున్నట్టుంది. ఉప్పునీళ్లు పోసిన నారులో సగమే దిద్ది వదిలేస్తోంది, అందుకే మొక్క గిడసబారుతోంది." దానికాయన, "మా చేలో దిద్దేవాడు పనిలోకి రావట్లేదా ఏంటమ్మా?" అన్నాడు!

కుండీల చీటీల మీద నాకో అనుమానం ఉంది. దసరాకి వచ్చి మళ్లీ చేస్తా. అప్పటిదాకా మన ల్యాబ్ సార్‌కి చూపించకే.

నీ రిబ్కా

బాపట్ల, 20 ఆగస్టు 1994

ఒసేయ్ రిబ్కా,

రికార్డు అందింది. బీరువాలో పెట్టి తాళం వేశా. నువ్వొచ్చేదాకా సార్ కంట పడదు, మా అమ్మ మీద ఒట్టు. యలమంద గారి మాటకి నవ్వలేక చచ్చాననుకో.

నీ రమణి

రేపల్లె, 3 జూలై 1995

రమణి గారికి,

పత్రికలో మీ వ్యాసం చూశాను. దిద్దే ప్రొటీన్ ఊహ, ఉప్పునీళ్ల పట్టిక, అన్నీ ఉన్నాయి. సార్ పేరుంది, నీ పేరుంది. నా పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు. దసరాకి వస్తానంటే ల్యాబ్‌కి సున్నం వేస్తున్నారు, రావద్దన్నావు. మీ అమ్మని నేనూ అమ్మా అనే పిలిచాను కదే! ఆవిడ మీద ఒట్టేసి ఇంత పని చేస్తావా? కడుపు మండిపోతోంది. జవాబు రాయకు.

రిబ్కా

తెనాలి, 18 ఫిబ్రవరి 1996

రిబ్కా,

రాయొద్దన్నా రాస్తున్నా. ఉద్యోగం పర్మినెంట్ చేస్తారన్న ఆశతో, సార్ అడగ్గానే బీరువా తీశాను. నాది తప్పే. ఇప్పుడు బయటి ల్యాబ్ వాళ్లు మూడుసార్లు చేసినా మన ఫలితం రావట్లేదట. నేనే కల్పించి రాశానని విచారణ పెట్టారు. సార్ తనకేం తెలియదంటున్నారు. సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వచ్చేశా. నీ రఫ్ బుక్కు చూపిస్తే బయటపడతాను. నీ కాళ్లు పట్టుకుంటానే.

నీ రమణి

రేపల్లె, 25 ఫిబ్రవరి 1996

రమణీ,

రఫ్ బుక్కులో ముప్ఫైనాలుగో పేజీ విను. "వానకి చీటీలు ఊడిపోయాయి. గిడసబారిన కుండీలే ఉప్పునీళ్లవి అనుకుని మళ్లీ అంటించాను." నా అనుమానం అదే. ఏ కుండీకి ఉప్పునీళ్లు పోశానో నాకే తెలియదు. దసరాకి నన్ను రానిచ్చి ఉంటే ఈ మాట నీకు చెప్పేదాన్ని.

ఆ పుస్తకం నిన్న రిజిస్టర్డ్ పోస్టులో విచారణ వాళ్లకి పంపేశా. నువ్వు కల్పించలేదని రాశాను. నా రికార్డు దొంగిలించావనీ రాశాను. చీటీలు ఊహించి అంటించింది నేనేనని చెప్పి కింద సంతకం పెట్టాను. మూడేళ్లు చేసిన పనిలో నా పేరు పడింది ఆ ఒక్క తప్పు పక్కనే.

అమ్మని అడిగానని చెప్పు.

రిబ్కా